లింకన్ గెలిచింది ఓట్లు చీలినందుకు కాదు

1860 అమెరికా ఎలక్షన్ గురించి మాటొస్తే చాలామంది టక్కున అనేసేది "ఎదుటి పార్టీ ఓట్లు చీలాయి కాబట్టి లింకన్ బయటపడ్డాడు" అని. మన రాజకీయాలు చూసి చూసి అలవాటైపోయింది, ఎవరు గెలిచినా ఓట్లు చీలాయనే అంటాం. పైకి నిజమే అనిపిస్తుంది కూడా, నలుగురు పోటీ చేశారు, లింకన్‌కి వచ్చింది 40 శాతం లోపే. కానీ కూర్చుని లెక్కేస్తే, మిగతా ముగ్గురి ఓట్లూ ఒక్కడికే పడ్డా లింకన్ పోగొట్టుకునేది కాలిఫోర్నియా, ఒరెగాన్, ఇంకా న్యూజెర్సీలో వచ్చిన నాలుగు, మొత్తం 11 ఎలక్టోరల్ ఓట్లు (ఒక్కో రాష్ట్రానికి కొన్ని చొప్పున ఉండే, ప్రెసిడెంట్‌ని తేల్చే ఓట్లు). 180లో 11 తీసేస్తే 169, గెలవడానికి కావాల్సింది 152. అప్పుడూ ఆయనే ప్రెసిడెంట్.

సౌత్ వాళ్ళకి, అంటే బానిసత్వం ఉన్న దక్షిణ రాష్ట్రాలకి, నిద్ర పట్టకుండా చేసింది ఈ లెక్కే అని నాకనిపిస్తుంది. బానిస రాష్ట్రాల నుంచి ఒక్క ఎలక్టోరల్ ఓటు కూడా రాకుండా ఒకాయన వైట్‌హౌస్‌కి వెళ్ళిపోతున్నాడు. అప్పటిదాకా బానిసలకి ఓటు లేకపోయినా రాష్ట్రాలకి పార్లమెంటు సీట్లు, ఎలక్టోరల్ ఓట్లు పంచేటప్పుడు మాత్రం వాళ్ళ జనాభాలో ఐదింట మూడొంతులు లెక్కలో కలుపుకుని వాళ్ళ యజమానులు చక్రం తిప్పారు, ఇక అది కూడా పనిచేయదని తేలిపోయింది.

అప్పట్లో బ్యాలెట్ ప్రభుత్వం ప్రింట్ చేసేది కాదు, ఏ పార్టీ టికెట్లు (ఓటు చీటీలు) ఆ పార్టీయే అచ్చేయించి పంచేది, ఓటరు అది తీసుకెళ్ళి పెట్టెలో వేసేవాడు, ఎవరిది వేస్తున్నాడో చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిసిపోయేది. అంతకుముందు ఏడాదే బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ బానిసల తిరుగుబాటు లేపుదామని వర్జీనియాలో హార్పర్స్ ఫెర్రీలోని కేంద్ర ఆయుధాగారం మీద దాడి చేశాడు, ఆ వేడిలో సౌత్‌లో లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ టికెట్ పట్టుకుని తిరిగే ధైర్యం ఎవడికుంటుంది? అందుకే టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా లాంటి చోట్ల (ఇప్పుడు మనవాళ్ళు కాలనీలకి కాలనీలే ఉంటున్న డాలస్, అట్లాంటా ఇక్కడివే) లింకన్‌కి ఒక్క ఓటు కూడా నమోదవలేదు. వర్జీనియాలో టికెట్ దొరికింది గానీ ఒక శాతం దగ్గరే ఆగిపోయాడు, మన లెక్కలో డిపాజిట్ గల్లంతు. సౌత్ కరోలినాలో అయితే జనం ఓటే వేయలేదు, ఎలక్టర్లని అక్కడి శాసనసభే ఎంచుకునేది.

ఇంతకీ లింకన్ ఏం చేస్తానన్నాడు? ఉన్నచోట బానిసత్వం జోలికి రానన్నాడు, కొత్తగా కలిసే ప్రాంతాలకి మాత్రం పాకనివ్వనన్నాడు. అంతే. కానీ తోటల యజమానులు దాన్ని చదివింది వేరేలా, కొత్త బానిస రాష్ట్రాలు రావు, స్వేచ్ఛా రాష్ట్రాలు పెరుగుతూ పోతాయి, పైగా ఊళ్ళలో పోస్ట్‌మాస్టర్లని వేసేది కూడా కేంద్రమే కదా, రేపు బానిసత్వాన్ని తిట్టే పేపర్లు మన గుమ్మంలోకే వస్తాయి అని. వాళ్ళ భయంలో తప్పు లేదు, భయపడి కాపాడుకోవాలనుకున్న దానిలోనే ఉంది అంతా.

తమాషా ఏంటంటే డెమొక్రటిక్ పార్టీని చీల్చింది కూడా వాళ్ళే. ఏప్రిల్‌లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో జరిగిన పార్టీ సభలో, కొత్త ప్రాంతాల్లో బానిసత్వానికి కేంద్రమే రక్షణ ఇవ్వాలని పట్టుబట్టారు, నార్త్ డెమొక్రాట్ల నాయకుడు డగ్లస్ వర్గం ఒప్పుకోలేదు, అలబామా వాళ్ళు లేచి వెళ్ళిపోతే వెనకే ఇంకొందరు నడిచారు. 57 సార్లు ఓటింగ్ పెట్టినా అభ్యర్థి తేలలేదు. తర్వాత నార్త్ డెమొక్రాట్ల తరఫున డగ్లస్ ఒక వైపు, సౌత్ డెమొక్రాట్ల తరఫున బ్రెకిన్‌రిడ్జ్ ఇంకో వైపు నిలబడ్డారు. ఆ సభ జరిగిన హాల్లోనే డిసెంబర్ 20న సౌత్ కరోలినా విడిపోయే పత్రం మీద సంతకాలు పెట్టింది, ఓటింగ్‌లో 169 మందిలో ఒక్కరు కూడా కాదనలేదు.

రాష్ట్రాల హక్కుల కోసమే విడిపోయారని వాదించేవాళ్ళు సౌత్ కరోలినా రాసుకున్న కారణాలు ఒకసారి చదవాలి. పారిపోయిన బానిసల్ని నార్త్ రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకుని తిరిగి అప్పగించట్లేదనేది అందులో పెద్ద ఫిర్యాదు. అంటే ఎదుటి రాష్ట్రానికి హక్కులు ఉండకూడదన్నమాట!

లింకన్ కుర్చీ ఎక్కేది 1861 మార్చి 4న, అప్పటిదాకా పాత ప్రెసిడెంట్ బ్యుకానన్ విడిపోవడం చెల్లదు, ఆపే అధికారం నాకూ లేదు అంటూ కూర్చున్నాడు. ఫిబ్రవరి మొదటికే ఏడు రాష్ట్రాలు వెళ్ళిపోయాయి. ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులో కేంద్ర సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోట మీద సౌత్ ఫిరంగులు పేలాయి, లింకన్ 75,000 మంది సైనికులు కావాలన్నాడు, దాంతో ఇంకో నాలుగు పోయాయి. వాటిలో వర్జీనియా, టెన్నెసీ ఎలక్షన్‌లో గెలిపించింది బ్రెకిన్‌రిడ్జ్‌ని కాదు, దేశం కలిసి ఉండాలని నిలబడ్డ జాన్ బెల్‌ని. ఆ బెల్ కూడా చివరికి సౌత్ వైపే వెళ్ళాడు.