మధ్యాహ్నం పడుకొని ఉంటే ఆ కాగితం పోయేది కాదు

నిన్న రాత్రి ఎనిమిదిన్నరకు మా ఇంటి దస్తావేజు దొరికింది. గోళ్లలో దుమ్ము ఇంకా వదల్లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

వేసవి సెలవులు మొదలవగానే నాలుగు రోజుల్లో ఇల్లంతా సర్దేయాలని పంతం పట్టాను. మా అత్త మొదటిరోజే చెప్పింది, "ఈ కర్నూలు ఎండలో మధ్యాహ్నం పని పెట్టుకోకమ్మా, కాసేపు నడుం వాల్చు" అని. ఆమె పద్ధతి వేరు. చల్లపొద్దున గంటసేపు ఒక అర సర్దుతుంది, పన్నెండుకల్లా భోంచేసి నాపబండల మీద కొంగు పరుచుకొని పడుకుంటుంది. ఈ లెక్కన శ్రావణమాసానికి కూడా తెమలదని లోలోపల నవ్వుకున్నా.

వంటిల్లు ఒక్కరోజులో అయిపోయింది. కడప బండ అరలు తళతళలాడుతున్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. రెండో రోజు బీరువాలు. రెండు రోజులూ పగలు కన్ను మూయలేదు.

మూడో రోజు ట్రంకుపెట్టె దింపాను. కొంప మునిగింది అక్కడే. ఆ పెట్టె నిజంగానే ఒకసారి మునిగింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు వన్‌టౌన్‌లోకి వచ్చినప్పుడు మూడు రోజులు నీళ్లలో ఉంది. జానెడు ఎత్తున బురద గీత ఇప్పటికీ కనిపిస్తుంది. లోపలి కాగితాలు అప్పుడు ఆరబెట్టినవే, టీ రంగుకు తిరిగి అప్పడాల్లా వంకర్లు పోయాయి.

మధ్యాహ్నం రెండు. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ఆపేశాను. ఉంచేవి, ఆయన్ను అడగాల్సినవి, పారేసేవి అని మూడు కుప్పలు పోశా. గంట గడిచేసరికి అక్షరాలు అలుక్కుపోతున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది. అయినా లేవలేదు. అంతలో వీధిలో "పాత పేపర్లూ, ఇనుప సామాన్లూ" అని కేక. ఇల్లు ఖాళీ అవుతుందన్న సంబరంలో రెండు కుప్పలు కలిపి తూకానికి వేసేశా. అడగాల్సిన కుప్ప కూడా అందులోనే పోయింది.

రాత్రి ఆయన వచ్చి, "దస్తావేజు ఏ కుప్పలో పెట్టినావు?" అన్నారు. నా నోట మాట రాలేదు.

పొద్దున్నే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పరుగెత్తాం. నకలు కావాలంటే దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పాలట. ఆ నంబరు ఆ కాగితం మీదే ఉంది మహానుభావా! లేకపోతే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రం, తీయించి వెతకాలన్నాడు అక్కడి గుమాస్తా, అదీ తలెత్తకుండా. ఇలాంటివాళ్ల కోసమైనా నంబరు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

సాయంత్రానికి ఆ తోపుడుబండి అతని సరుకు ఏ పాత సామాన్ల దుకాణానికి వెళ్తుందో కనుక్కొని వెళ్లాం. అక్కడ కుర్రాడు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఐదో తరగతి నా దగ్గరే చదివాడు. "ఏం టీచరమ్మా, మీరిట్ల వచ్చినారు?" విషయం చెప్పాను. వాడు నవ్వు ఆపుకుంటూ, "పుస్తకాలకు అట్టలేసి జాగ్రత్తగా పెట్టుకోమనేది మీరే కదా టీచర్" అన్నాడు. ఆయన పక్కకు తిరిగారు, నవ్వడానికే. చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, అట్టపెట్టెలు, పెళ్లిపత్రికల మధ్య మూడు గంటలు కూర్చున్నా. దారిన పోయేవాళ్లలో ఇద్దరు పిల్లల తల్లులు నమస్కారం కూడా పెట్టారు. చివరికి టీ రంగు అంచు కనిపించింది. లాగితే అదే. స్టాంపు కాగితం మూల కొంచెం చిరిగింది, అంతే.

కుర్రాడు డబ్బులు వద్దన్నాడు. మొన్న తూకానికి వచ్చిన డబ్బంతా వాడి చేతిలో పెట్టి వచ్చా.

ఇంటికొస్తే అత్త ఒక్కటే మాట, "చెప్తే వింటివా?"

కాగితాల పని పొద్దున తొమ్మిదిలోపే చేయండి. పారేసే సంచి కనీసం వారం మంచం కిందే ఉంచండి. రోజులో ఇల్లంతా అద్దంలా మార్చేసే వీడియోల జోలికి వెళ్లకండి, ఆ ఇళ్లలో ట్రంకుపెట్టెలు ఉండవు.

అటక ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నర, అత్త పక్కన చాప వేసుకున్నా. వీధిలో అదే బండి, అదే కేక. ఇవాళ లేచేది లేదు.