మాదాపూర్ ఫైర్‌వాల్, మ్యూనిక్ మందలింపు

"కారణం తెలుసుకోకుండా సర్వీస్‌ని దానంతటదే లేపే ఏర్పాటు ఎవరు చేయమన్నారు మీ హైదరాబాద్ వాళ్లని?" అన్నాడు మా జర్మన్ మేనేజర్ మీటింగ్‌లో, గొంతు కూడా పెంచకుండా. ఆ "మీ" దగ్గరే నాకు మండింది. మ్యూనిక్‌లో కూర్చుని పని చేస్తున్నా, పుట్టి పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లో మరి.

మాదాపూర్ ఆఫీసులో నెట్‌వర్క్‌కి కాపలా కాసే పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ మీద, దాడుల్ని పసిగట్టి అలర్ట్‌లిచ్చే సురికాటా అనే ప్రోగ్రామ్ నడుస్తుంది. అక్కడ పెట్టిన మోడ్‌లో అది చూసేది ప్యాకెట్ల (నెట్‌లో వచ్చీపోయే డేటా ముక్కల) కాపీని మాత్రమే, కాబట్టి మధ్యలో ఆగిపోయినా ఇంటర్నెట్ హాయిగా వస్తుంటుంది, ఎవరూ ఫోన్ చేయరు. పొద్దున్నే చూస్తే అలర్ట్‌ల పేజీ ఖాళీ. దాడులేమీ లేవని సంబరపడ్డవాళ్లూ ఉన్నారు! అందుకే అక్కడి కుర్రాడు సర్వీస్ వాచ్‌డాగ్ తగిలించాడు, ఆగితే లేపుతుందని.

సురికాటాకి వాచ్‌డాగ్ పెట్టకూడదు, నిజమే. రూల్స్ (దాడుల్ని గుర్తుపట్టే జాబితా) అప్‌డేట్ తర్వాత సురికాటా కావాలనే ఆగి మళ్లీ మొదలయ్యే సెట్టింగ్‌లో, ఆ సందులో వాచ్‌డాగ్ దూరి ఇంకోదాన్ని లేపుతుంది, ఒకే ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ పోర్టు) మీద రెండు ప్రాసెస్‌లు కూర్చుంటాయి. అంటే మేనేజర్ మాటే కరెక్టు, అదింకా మంట.

ఆ రాత్రి కుర్రాడూ నేనూ కలిసి కూర్చున్నాం, వాడికి అర్ధరాత్రి దాటింది, నాకు అన్నం తినే వేళ.

"అన్నా, సురికాటా లాగ్‌లో ఏమీ లేదన్నా."

"చంపింది సిస్టమ్‌ని నడిపే కెర్నల్ అయితే సురికాటా ఎలా రాసుకుంటుంది తమ్ముడూ, సిస్టమ్ లాగ్ తియ్."

తీశాడు. మెమరీ దొరక్క సురికాటాని చంపేశానని కెర్నల్ రాసిన లైన్లు, అన్నీ రాత్రి పన్నెండున్నర తర్వాతవే, రూల్స్ అప్‌డేట్ టైము. సురికాటాని ఆపకుండానే రూల్స్ మార్చే లైవ్ రూల్ స్వాప్ ఆన్‌లో ఉంది; కొత్త రూల్స్ పూర్తిగా ఎక్కేదాకా పాతవీ మెమరీలోనే ఉంటాయి, ఆ కాసేపు దాదాపు రెట్టింపు కావాలి. బాక్సులో ఉన్నది 4 జీబీ. మెమరీ వాడకం చూపే టాప్ కమాండ్ పెట్టుకుని చూస్తుండగానే ఫ్రీ మెమరీ జారిపోయింది, మెమరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే స్వాప్ జాగా నిండింది, లిస్టులో పైనున్న సురికాటా లైను మాయమైంది. పైగా సురికాటా నడుస్తోందనడానికి గుర్తుగా ఉండే పాత పిడ్ ఫైల్ అక్కడే మిగిలిపోవడంతో, దాన్ని చూసి సురికాటా మళ్లీ లేవనని మొరాయిస్తుంది, వాచ్‌డాగేమో లేపుతూనే ఉంటుంది.

ఇక్కడి వాళ్లలో నాకు నచ్చేది ఒకటుంది. ఏదైనా పడిపోతే అరవరు, ఎందుకు పడిందో రాసివ్వమంటారు, దానికి రెండు రోజులు పట్టినా ఏమనరు. మన దగ్గర ముందు నడవాలి, మిగతాది తర్వాత. ఆ అలవాటు మంచిదని నేననను. కానీ ఆ తీరిక ఎవరికిచ్చారు? ఇదే మ్యూనిక్ నుంచి మాదాపూర్‌కి వారం వారం వెళ్లే షీటులో సర్వీస్ పక్కన రెండే గడులు, ఆకుపచ్చ, ఎరుపు. ఎందుకు అని రాసే గడి లేదు. ఎరుపు కనిపిస్తే మెయిల్, ఆ మెయిల్‌లో పెద్ద సార్లంతా కాపీలో. కుర్రాడికి ఆకుపచ్చ కావాలన్నారు, ఆకుపచ్చ చేసిచ్చాడు. పద్ధతులు ఇక్కడివే, మాట పడింది మాత్రం హైదరాబాద్. ఆ 4 జీబీ బాక్సుని ఎంచింది కూడా ఇక్కడి పర్చేజ్ వాళ్లే, మెమరీ పెంచమని వాడు అడిగితే ఈ ఏడాది బడ్జెట్‌లో లేదన్నారు.

వాచ్‌డాగ్ తీసేశాం, లైవ్ స్వాప్ ఆపేశాం, అవసరంలేని రూల్ కేటగిరీలు కొన్ని తగ్గించాం. కెర్నల్ లైన్లు జతచేసి మెమరీకి మళ్లీ అడిగితే మేనేజర్ ఆ సాయంత్రానికే సంతకం పెట్టేశాడు. పక్కన ఒక ముక్క కూడా రాశాడు, ముందే ఎందుకు అడగలేదని. కుర్రాడి పాత మెయిల్ ఫార్వర్డ్ చేశాను, పైన ఏమీ రాయకుండా.