ఊదడమే తెలిసిన ఫ్యాను

శనివారం, డాలస్

పొద్దున్నుంచీ ఉత్తరపు గాలి కోసేస్తోంది. అయినా గొర్రె భుజం రాత్రే ఉప్పూ మిరియాలూ పట్టించి ఉంచాను కాబట్టి వాయిదా వేయబుద్ధి కాలేదు. మాంసాన్ని పొగలో వండే స్మోకర్‌ని గోడ వారకి తోసి పని మొదలుపెట్టాను.

మాది గుడ్డు ఆకారంలో ఉండే సిరామిక్ స్మోకర్. కింద గాలి తలుపుకి చిన్న ఫ్యాను, లోపల మాంసం పెట్టే జాలీకి వేడి కొలిచే ఒక ప్రోబు, రెంటికీ మధ్య కంట్రోలరు. 250 ఫారెన్‌హీట్ అని పెడితే వేడి తగ్గినప్పుడు ఊదుతుంది, అక్కడికి చేరగానే ఆగుతుంది. ఇది కొనేస్తే ఇక కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చనుకుంటారు. కానీ దానికి వచ్చింది ఊదడం ఒక్కటే. నిప్పు ఎక్కువైతే తగ్గించడం దాని చేతిలో లేదు. సిరామిక్ గోడలు ఒకసారి కాగాయంటే ఓ పట్టాన చల్లారవు కూడా. అందుకే కట్టెబొగ్గు నిండా పోసినా మధ్యలో ఒక్కచోటే అంటించాను. పైన పొగ పోయే కంతని సన్నని సందు మాత్రమే వదిలి మూసేశాను. అది బార్లా తెరిచి ఉంటే ఫ్యాను ఆగినా గాలి దానంతటదే లాగేసుకుంటుంది.

మొదట దట్టంగా తెల్లపొగ వచ్చింది. అప్పుడు మాంసం పెడితే చేదెక్కుతుంది. పొగ పల్చబడి నీలిరంగు తేలేదాకా ఆగి పెట్టాను.

నాన్నకి ఈ ఆగడమే నచ్చదు. "ఒరేయ్, ఒక్కసారి మూత తియ్యరా, చూద్దాం" అని ఒకటే పోరు. చివరికి ఫ్యాను ఆపేసి తీశాను. ఆపకుండా తీస్తే, ప్రోబుకి చల్లగాలి తగిలి, నిప్పు ఆరిపోతోందనుకుని కంట్రోలరు శక్తి కొద్దీ ఊదిస్తుంది. మూత వేసేసరికి 300 దాటిపోతుంది.

మధ్యాహ్నం మాంసం లోపలి వేడి 160 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపటికీ కదలదు. చెమట పట్టిన ఒళ్ళు చల్లబడ్డట్టే, పైకి వచ్చిన తేమ ఆవిరైపోతూ ముక్కని చల్లబరుస్తుంటుంది. నాన్నకి టెన్షన్. నేను ఆ తేమ ఎగిరిపోకుండా మందపాటి కాగితంలో చుట్టి మళ్ళీ పెట్టేశాను.

అసలు తంటా ఆ తర్వాత వచ్చింది. ఫ్యాను ఆగకుండా గుయ్యిమంటోంది, స్మోకర్ వేడి మాత్రం 220కి పడిపోయింది. ఇలాంటప్పుడు చాలామంది పై కంత తెరుస్తారు. నేనైతే ముందు కింద చూస్తాను. అడుగున బొగ్గు కాలిపోయి గుల్ల అయింది, పైన పెద్ద ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని కింద పడకుండా నిలబడ్డాయి. బొగ్గు కిందుండే జాలీ కన్నాల్లో బూడిద కూరుకుపోయింది. గాలి తలుపులోంచి వంచిన ఇనపచువ్వ దూర్చి నాలుగు పోట్లు పొడిస్తే గలగలమని జారాయి, బూడిద పొలోమని రాలింది. కాసేపటికి ఫ్యాను గొంతు తగ్గింది.

సాయంత్రానికి మాంసం లోపలి వేడి 200 చేరింది. బయటికి తీసి గంటసేపు అలాగే ఉంచి విప్పితే ఎముక చేత్తో లాగగానే ఊడొచ్చింది. వేడన్నం, గోంగూర పచ్చడితో తిన్నాం. నాన్న పొగవాసన కాస్త ఎక్కువైందంటూనే మూడోసారి వడ్డించుకున్నారు.

కిందా పైనా రెండూ బిగించేస్తే నిప్పు ఆరిపోయి మిగిలిన బొగ్గు అలాగే ఉంటుంది. సగం పైనే మిగిలినట్టుంది. రేపు దాని మీద పచ్చడికి వంకాయలు కాల్చమంటున్నారు నాన్న. వాటికి ఫ్యానుతో పని లేదు, అడుగు తలుపూ పై కంతా బార్లా తీస్తే చాలు.