పిట్లోక్రీలో అమ్మ శాలువా తీసిన రోజు

2022 అక్టోబరులో అమ్మ మా దగ్గరే ఉంది. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో మేముండేది పాత రాతి భవనంలో రెండో అంతస్తు. పైకప్పు ఎత్తు, కిటికీలకు ఒంటి అద్దం. ఎంత వేడి చేసినా నిలవదు. బయట ఎండ కాస్తున్నా ఆ గోడల లోపల చలిగానే ఉంటుంది. పైగా ఆ నెల ఒకటో తారీఖు నుంచి, ఇల్లు వెచ్చబెట్టే పైపు గ్యాస్ యూనిట్ ధర 10 పెన్నీలు (పౌండుకు వంద పెన్నీలు) దాటింది. కిందటేడు అదే రోజుల్లో 4 పెన్నీలు ఉండేది. కరెంటు 21 నుంచి 34కి పెరిగింది. యుక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధర మండిపోతుంటే ప్రభుత్వం అడ్డుపడి నిలిపిన ధరలివి. మామూలు కుటుంబానికి ఏడాదికి 2,500 పౌండ్లు అవుతుందని లెక్క కట్టారు. నిలపకపోతే అది 3,549 అయ్యేది.

వంటగదిలో చిన్న మీటరు తెర ఉంది. ఎంత వాడామో ఎప్పటికప్పుడు పౌండ్లలో చూపిస్తుంది, ఎక్కువైతే ఎర్రగా వెలుగుతుంది. అమ్మ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోగానే చూసేది దాన్నే. ఎర్రబడిందంటే చాలు, "అమ్మడూ, హీటరు కట్టేయనా?" అని కేకేస్తుంది. డెబ్భై ఏళ్ల మనిషి. రెండు స్వెటర్లు, పైన శాలువా, కాళ్లకు రెండు జతల సాక్సులు. కూతురింటికొచ్చి నాలుగు నెలలు సుఖంగా ఉండాల్సింది పోయి చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. నేను వేస్తే తను వెళ్లి తీసేస్తుంది. దీని మీద మేమిద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం కూడా.

ఆ ఏడు వాతావరణం మాత్రం మామీద దయ చూపింది. అక్టోబరు సగం గడిచినా చలి ముదరలేదు. శనివారం 15 డిగ్రీలు, ఎండ అని చెప్పగానే మా ఆయన కారు తాళాలు తీశాడు. క్వీన్స్‌ఫెర్రీ వంతెన దాటి, పెర్త్ మీదుగా ఉత్తరానికి గంటన్నర దారి.

మొదట డంకెల్డ్‌లో ఆగాం. టే నది ఒడ్డున పాత చర్చి, దాని పక్కనే ఓ పెద్ద లార్చ్ చెట్టు. 1738లో ఆల్ప్స్‌లోని టిరోల్ కొండల నుంచి తెచ్చి నాటిన మొక్కల్లో మిగిలింది ఇదొక్కటే. సరుగుడులా సూదుల్లాంటి ఆకులే, కానీ శీతాకాలానికి ముందు పసుపుగా మారి రాలిపోతాయి. అమ్మ కాండం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. ఆ పక్కనే హెర్మిటేజ్ అడవిలో బ్రాన్ నది మీది జలపాతం దగ్గర సాల్మన్ చేపలు ఎగురుతున్నాయి. ఎగిరి, బండకు కొట్టుకుని, నీళ్లలో పడి, మళ్లీ ఎగురుతున్నాయి. "పులస లాగే ఎదురీదుతున్నాయే!" అంది అమ్మ. గోదావరి జిల్లా మనిషికి ఆ మాట తప్ప ఇంకేం గుర్తొస్తుంది?

అసలు నేను అమ్మను తీసుకెళ్లాలనుకున్నది పిట్లోక్రీ అనే చిన్న ఊరికి. అక్కడ టమ్మెల్ నది మీద ఆనకట్ట, జలవిద్యుత్ కేంద్రం ఉన్నాయి. మా నాన్న దిగువ సీలేరు పవర్‌హౌస్‌లో ఆపరేటరుగా చేశారు. మేం పెరిగింది మోతుగూడెం కాలనీలో. ఆనకట్ట కనిపించగానే అమ్మ నడక మారిపోయింది. మోకాళ్ల నొప్పులన్న మనిషి మాకంటే ముందు మెట్లు దిగింది.

ఆనకట్ట పక్కన చేపల కోసం నిచ్చెన కట్టారు. మొత్తం 310 మీటర్ల పొడవున 34 తొట్లు, ఒకదానికంటే ఒకటి కాస్త ఎత్తులో. సాల్మన్ వాటిలోంచి ఒక్కో మెట్టూ ఎక్కి ఎగువకు పోతుంది. 1940లలో ఈ ఆనకట్ట కడతామన్నప్పుడు ఊరివాళ్లు గట్టిగా ఎదిరించారు. చేపలు పోతాయని, చూడడానికి వచ్చే జనమూ పోతారని వాళ్ల భయం. ఇప్పుడు జనం వచ్చేదే దీన్ని చూడడానికి. 1943లో టామ్ జాన్‌స్టన్ అనే మంత్రి చట్టం తెచ్చి, ఉత్తర స్కాట్లాండ్ కొండల్లోని ఇళ్లకు కరెంటు ఇవ్వడానికి ఒక బోర్డు పెట్టించాడు. ఆ బోర్డు కట్టిందే ఇది. అమ్మకు ఇదంతా తెలుగులో చెబుతుంటే ఊ కొడుతూ విని, ఒక్కటే అడిగింది.

"కరెంటు పుట్టేది ఇక్కడే కదా. నీళ్లు వీళ్లవి, వానలు వీళ్లవి. మరి యుద్ధం వస్తే దీని ధర ఎందుకు పెరిగిందే?"

మా ఆయన చెప్పాడు. "రైతుబజారు అనుకోండి అత్తయ్యగారూ. ఊరికి సరిపడా బియ్యం కావాలంటే చివరి బస్తా ఎంత ఖరీదైనా కొనాల్సిందే. ఇక్కడ ఆ చివరి బస్తాకు పలికిన ధరే అన్ని బస్తాలకూ ఇస్తారు. కరెంటులో ఆ చివరి బస్తా చాలాసార్లు గ్యాస్ ప్లాంటుది."

అమ్మ నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అంది: "మన దగ్గరా అంతే కదూ. మీ నాన్న రాత్రంతా మిషన్ల దగ్గర కూర్చుని కరెంటు తీస్తే అది ఎక్కడెక్కడికో పోయేది. కొండ మీద గూడేల్లో మాత్రం కిరసనాయిలు బుడ్డీలే."

రాత్రికి ఊరి చివర ఒక ఇంట్లో గది తీసుకున్నాం. ఇంటావిడకు అమ్మ వయసే ఉంటుంది. ఆ ఇంటికి గ్యాస్ పైపు లేదు, పెరట్లో పెద్ద ఆకుపచ్చ ట్యాంకు ఉంది. అందులో ఏముంటుందని అమ్మ అడిగింది. కిరోసిన్ అన్నాను. "కిరసనాయిలా? ఇళ్లు వెచ్చబెట్టడానికా?" అని అమ్మ నమ్మలేకపోయింది. రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషి మరి. ఒకసారికి కనీసం 500 లీటర్లు కొనాలట. ఏడాదిన్నరలో ధర రెట్టింపు దాటిందని ఇంటావిడ చెప్పింది. ప్రభుత్వం పెట్టిన హద్దు గ్యాస్‌కీ కరెంటుకే గానీ దీనికి లేకపోయింది. అద్దెకిచ్చే గదుల్లో వెచ్చగా ఉంచి, తను వంటింట్లో ఒళ్లో వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుంటోంది. "ఇలాంటి వెచ్చని రోజు ఒక్కోటీ నాకు ఐదారు లీటర్లు మిగులుస్తోంది" అంది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. అయినా వెళ్లి ఆవిడ పక్కనే కూర్చుంది. మేం పడుకునేదాకా ఇద్దరూ పొయ్యిలో మండుతున్న కట్టెల దగ్గర చలి కాచుకుంటూ అలాగే ఉన్నారు.

మర్నాడు ఆనకట్ట వెనకాల ఫాస్కలీ జలాశయం ఒడ్డుకు వెళ్లాం. గాలి లేదు. అవతలి గట్టున బీచ్ చెట్లు రాగిరంగులో, బర్చ్ చెట్లు నిమ్మపండు రంగులో నీళ్లలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. మన శరత్తు అంటే నాకు వెన్నెలే గుర్తొస్తుంది. పగలు కూడా ఇంత అందంగా ఉంటుందని ఈ దేశం వచ్చాకే తెలిసింది. ఎండ సూటిగా బల్ల మీద పడుతోంది. అమ్మ ముందు శాలువా తీసి మడత పెట్టింది. ఇంకాసేపటికి పై స్వెటరు తీసి నా ఒళ్లో పడేసింది. వచ్చిన రెండు నెలల్లో ఆవిడ చేతులు మోచేతుల దాకా చూడడం అదే మొదటిసారి. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి.

"పన్నెండయింది, బయల్దేరదామా?" అన్నాను.

"ఇంకాసేపు కూర్చుందామే. ఇంటికెళ్తే మళ్లీ ఆ మీటరు డబ్బా చూడాలి" అంది కళ్లు మూసుకునే.

మా ఆయన మాట్లాడకుండా లేచి వెళ్లి, పార్కింగ్ టికెట్ ఇంకో రెండు గంటలకు తీసుకొచ్చాడు.