జామాకులు, మేపుల్ ఆకులు

"ఏం మే, ఎవురి బిడ్డలకో ముక్కులు తుడిచేదానికా అంత దూరం పోయింది?" మా మేనత్త ఈ మాట అనడానికి కారణం ఉంది. తిరుపతిలో బీఈడీ చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. పెళ్ళయ్యాక న్యూజెర్సీ వెళ్ళాను. హెచ్-1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్ళినవాళ్ళలో కొందరికి 2015 నుంచి పని చేసుకునే అనుమతి ఇస్తున్నారు. అది చేతికొచ్చాక ఇంటికి దగ్గర్లో దొరికింది డేకేర్ ఉద్యోగం. చేరాను.

ముక్కులు తుడవడం నిజమే. డైపర్లు మార్చడం, మార్చిన టైము కాగితం మీద రాయడం కూడా నిజమే. అయితే వేలిముద్రలు ఇచ్చి, పాత కేసులేమీ లేవని తేలాకే ఆ గదిలోకి రానిస్తారు. పసిపిల్లల టీచర్లకిచ్చే సీడీఏ అనే సర్టిఫికెట్‌కు 120 గంటల శిక్షణ, 480 గంటల పని అనుభవం చూపించాలి. ఏడాదిన్నర దాటి రెండున్నరేళ్ళు నిండని పిల్లలైతే ఆరుగురికి ఒక టీచరు ఉండాలని ఆ రాష్ట్రం రూలు. ఆరుగురే కదా అనుకుంటారు ఇక్కడివాళ్ళు. ఆ ఆరుగురికీ ఒకేసారి బూట్లు తొడగమంటే తెలుస్తుంది.

ఆకులు రాలే కాలం వస్తే పని పెరుగుతుంది. అక్టోబరు 31న దెయ్యాల వేషాల పండుగ హాలోవీన్, నవంబరు నాలుగో గురువారం టర్కీ కోడి విందు చేసుకునే థ్యాంక్స్‌గివింగ్. ఈ రెండు నెలలూ ప్రతి పిల్లాడి బ్యాగులో తరచూ ఏదో ఒక 'క్రాఫ్ట్' ఇంటికి వెళ్తూ ఉండాలి. హాలోవీన్ చేసుకోని కుటుంబాలూ ఉంటాయి కాబట్టి మా దగ్గర దెయ్యాల జోలికి పోము. ఆకులు, గుమ్మడికాయలు, ఉడతలతో సరిపెడతాం.

అన్నిటికంటే పేరున్నది టర్కీ కోడి. అరచేతికి గోధుమరంగు, నాలుగు వేళ్ళకు నాలుగు రంగులు పూసి కాగితం మీద అద్దిస్తాం. బొటనవేలు తల, మిగతా వేళ్ళు ఈకలు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ అది టీచర్లు చేసే బొమ్మ. చల్లటి రంగు తగలగానే పిల్ల గుప్పిట మూసేస్తుంది. మేం వేళ్ళు విప్పి, అద్ది, కన్నూ ముక్కూ గీసి పేరు రాస్తాం. ఫ్రిజ్ మీద అంటించుకునే తల్లిదండ్రులకు అదో సంబరం. కాదనను, ఆ చెయ్యి మళ్ళీ అంత చిన్నగా ఉండదు. పిల్లకు మాత్రం ఆ పనిలో దక్కేది కాస్త తడి రంగు.

నాకు నచ్చే పనులు వేరే ఉన్నాయి. వాటిల్లో మొదటిది బంక కాగితం. ఒకవైపు అంటుకునే పారదర్శకమైన రోలు దొరుకుతుంది, ఇక్కడ పుస్తకాలకు అట్టలేసే రకమే. బంక వైపు మన వైపుకు వచ్చేలా కిటికీ అద్దానికి టేపుతో బిగించి, పక్కన బుట్టెడు ఆకులు పెడితే చాలు. అంటించడం, పీకడం, మళ్ళీ అంటించడం. గమ్ము సీసా లేదు, రంగు ఒలకదు, తప్పు అతికించావని చెప్పేవాళ్ళూ లేరు. అటూ ఇటూ పరుగెత్తే పిల్లలు కూడా దాని ముందు కాసేపు నిలబడతారు. ఆ కాసేపూ నాకు టెన్షన్ ఉండదు.

గుమ్మడికాయకు కూడా కత్తెర అక్కర్లేదు. నారింజ రంగు కాగితాన్ని పిల్లలే పర్రుమని చింపుతారు, పేపరు ప్లేటుకు గమ్ము రాసి ఇస్తే ముక్కలు అద్దుతారు. చింపడం వేళ్ళకు మంచి కసరత్తు. ఇంట్లో చింపితే తిట్లు పడతాయి, డేకేర్‌లో చింపితే మెచ్చుకుంటారు!

ఈసారి సెలవు పెట్టి దసరాకు తిరుపతి వచ్చాను. మా వైపు బొమ్మల కొలువు దసరాకే. అమ్మ మెట్ల మీద మట్టిబొమ్మలు, ఎర్రచందనం దంపతుల బొమ్మలు సర్దింది. అక్క కొడుకుకు రెండేళ్ళు, వాడి కళ్ళన్నీ పై మెట్టు మీదే. వాడి చూపు మళ్ళించడానికి గాంధీ రోడ్డులో ఆ బంక కాగితం రోలు కొనుక్కొచ్చి బీరువా తలుపుకు బిగించాను. పొద్దున్నే వాణ్ణి యూనివర్సిటీ క్యాంపస్‌కు తీసుకెళ్ళి రాలిన ఆకులు ఏరించాను.

అక్కడిలా ఎర్రటివి దొరకవు కదా అంది అమ్మ. దొరకవు. అక్కడ పగలు తగ్గి చలి మొదలయ్యేసరికి చెట్టు పత్రహరితం చేయడం మానేస్తుంది. పచ్చదనం పోగానే అడుగున ఉన్న పసుపు బయటికొస్తుంది. మేపుల్ ఎరుపు అలా దాగి ఉన్నది కాదు, ఆకులో మిగిలిన చక్కెరతో అప్పటికప్పుడు తయారయ్యే రంగు. సైన్సు టీచరు బుద్ధి, అమ్మకు కూడా పాఠం చెప్పేశాను. మన దగ్గర దసరాకు అంతా పచ్చగానే ఉంటుంది, ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా దిగాలి.

పచ్చగా ఉంటే ఏం? మా పెరట్లోని జామాకు అడుగు వైపు ఈనెలు బాగా పైకి ఉంటాయి. ఈనెల వైపు పైకి పెట్టి, పల్చటి కాగితం కప్పి, నాలుగు మూలలా టేపు వేసి, పైతొడుగు తీసేసిన క్రేయాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే ఆకు తేలుతుంది. అబ్బోడు రుద్దుతూ "ఆకు వచ్చె!" అని అరిచాడు. రావి ఆకు ఇంకా బాగా వస్తుంది, తోకతో సహా. మేపుల్ ఆకు కంటే అదే నాకు ముచ్చటగా అనిపించింది.

కొలువు చూడ్డానికి వచ్చిన మేనత్త గుగ్గిళ్ళు తింటూ, "చెనక్కాయ తొక్కలు అంటించకూడదా, ఉడత మాదిరి ఉంటాది" అంది. ఆలోచన మంచిదే. మా డేకేర్‌లో మాత్రం అలర్జీల భయంతో చెనక్కాయను గడప దాటనివ్వరు. చెనక్కాయల ఊరిబిండితో సంగటి తిని పెరిగిన నేను అక్కడ అన్నం డబ్బా తెరిచే ముందు రెండుసార్లు చూసుకోవాలి. అదొక్కటే కాదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల భాగాలను అమెరికాలో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో వేసి చూస్తారు. అందులో పూర్తిగా ఇమిడిపోయేదైతే గొంతుకు అడ్డం పడొచ్చని లెక్క. చింతగింజలు, గురిగింజలు, పూసలు, బొత్తాలు, చెనక్కాయ తొక్కలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గురిగింజ విషం కూడా. నాలుగేళ్ళు దాటినవాళ్ళకు తొక్కలు ఇవ్వండి, చాలా బాగుంటాయి.

ఉప్పు పిండి గురించి కూడా చెప్పాలి. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పు నీళ్ళు. ఆకు అద్ది, అక్కడ ఓవెన్‌లో సన్నటి వేడి మీద ఆరబెడతాం. ఇక్కడ మిద్దె మీద ఎండబెట్టొచ్చు కానీ కార్తీకంలో వానలు పట్టుకుంటే ఆరదు, మెత్తబడి బూజు పడుతుంది. పైగా అంత ఉప్పు నోట్లో పెట్టుకునే పిల్లలకు మంచిది కాదు. ఏది దొరికినా నోట్లో వేసుకునే వయసైతే చపాతీ పిండి ముద్ద ఇచ్చి, జామాకు అద్దించి, పక్కనే కూర్చోండి. సాయంత్రందాకా ఎన్నిసార్లయినా పిసికి మళ్ళీ అద్దించొచ్చు. రాత్రికి పారేయండి, దాస్తే పులుస్తుంది.