పంతొమ్మిదేళ్లకు కథ రాస్తే

మాది కొండపి దగ్గర పల్లె. ఒంగోల్లో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా కథలు రాయడం మొదలుపెట్టాను. ఒక సాహిత్య సభలో ఆ మాట చెబితే ఓ పెద్దాయన "ఇంకాస్త జీవితం చూడమ్మా, అప్పుడు రాద్దువుగాని" అన్నారు. మర్యాదగానే అన్నారు గానీ, బస్సులో ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. ఎవరు ఏ వయసులో రాశారో ఫోన్లో వెతికాను. 1818లో 'ఫ్రాంకెన్‌స్టైన్' అచ్చయ్యేనాటికి మేరీ షెల్లీకి ఇరవై. 1952లో 'గాలివాన'కి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చేటప్పటికి మన పాలగుమ్మి పద్మరాజు గారు నలభైకి దగ్గర్లో ఉన్నారు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారమైతే 35 ఏళ్లవాళ్లకీ ఇస్తారు. ఆ లెక్కన నేనింకా పదహారేళ్లపాటు చిన్నపిల్లనే!

నాకు బాగా తెలిసింది పొగాకు. బ్యారన్, అంటే పచ్చాకుని వేడికి ఆరబెట్టే గది, కాల్చే రోజుల్లో రాత్రిళ్లు తాతకి తోడుగా వెళ్లేదాన్ని. టార్చి వేసి థర్మామీటరు చూసి రావాలి, పొయ్యిలో కట్టెలు ఎగదోయాలి. అక్కడ చేరిన పెద్దాళ్లు అప్పుల సంగతులూ, అన్నదమ్ముల తగాదాలూ నా ముందే మాట్లాడుకునేవాళ్లు, చిన్నపిల్ల, దానికేం తెలుసులే అని. వయసు వల్ల నాకు కలిసొచ్చింది ఇదే. అదే నలభై ఏళ్ల మనిషి వచ్చి కూర్చుంటే సగం మాటలు మింగేసేవాళ్లు.

పొగాకు రైతు మీద రాసిన కథ తాతకి చదివి వినిపించాను. బేలుకి, అంటే పొగాకు మూటకి, నో బిడ్ పడగానే, కొనేవాళ్లెవరూ పాడకపోగానే, రైతు వేలం కేంద్రంలోనే కూలబడి ఏడ్చినట్టు ముగించాను. తాత నవ్వాడు. "ఏడుస్తా కూచుంటే యాడ కుదురుద్ది మే? బేలు మళ్లీ ఇంటికి తెచ్చుకోవాల, విప్పి ఆకు ఏరుకోవాల, ఇంకోరోజు పెట్టాల. ముందు ఆటోవాడితో బాడుగ బేరం." ఏడుపు తీసేసి ఆటో బేరం పెట్టాను.

వారపత్రికకి పంపేటప్పుడు మాత్రం టెన్షన్. తీరా చూస్తే వాళ్లు అడిగింది యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు, కథ సొంతమేననీ, ఇంకెక్కడా అచ్చు కాలేదనీ, పరిశీలనలో లేదనీ ఒక హామీ పత్రం. పుట్టినతేదీ ఊసే లేదు. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. హామీ ఇచ్చాం కాబట్టి ఇంకో పత్రికకి పంపే వీల్లేదు. చివరికి ఫోనొచ్చింది. అప్పుడూ పారితోషికానికి బ్యాంకు ఖాతా నంబరు అడిగారే తప్ప, నీ వయసెంతని అడగలేదు.

ఇప్పుడు రాస్తున్నది ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్న ఒక డిగ్రీ పిల్ల కథ. ఇది మాత్రం తాతకి చదివి వినిపించను.