మన బడిలో సీసాల గోడ

మన హైస్కూల్లో కట్టిన కొత్త రీడింగ్ రూము చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందు గోడను వేలితో తట్టి చూస్తున్నారు. గిలాబు వెనక ఉన్నవి తాగి పారేసిన నీళ్ల సీసాలంటే నమ్మకం కుదరదు మరి. దాని గురించి నాలుగు మాటలు రాయమని మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక వాళ్లు అడిగారు. మా 1994 బ్యాచ్ తరఫున రాస్తున్నా.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్లకు తాగునీళ్ల కథ కొత్తగా చెప్పక్కర్లేదు. మనం చదువుకునేటప్పుడు బోరింగు నీళ్లే దిక్కు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మనకు తెలిసేసరికి సగం క్లాసు పళ్లు గారపట్టాయి. ఆ భయంతోనే ఊళ్లోకి క్యాన్లు వచ్చాయి, వాటి వెనకే సీసాలు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. పెళ్లికైనా, దినాలకైనా వాటర్ బాటిళ్లు కేసులకు కేసులు దిగాల్సిందే. తెల్లారితే అవన్నీ బడి ప్రహరీ అవతల.

ఇలాంటి చెత్తతోనే మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో గ్రనాడోస్ అనే ఊరివాళ్లు 2009లో బడి గదులు కట్టుకున్నారు. అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ వాలంటీరు లారా కట్నర్ వాళ్లకు తోడు నిలిచింది. పిల్లలూ పెద్దలూ కలిసి చిప్స్ కవర్లు, క్యారీబ్యాగులు సీసాల్లో కూరి, పిల్లర్ల మధ్య జాలీ కట్టి, దాంట్లో సీసాలు పేర్చి, పైన సిమెంటు పూశారు. మనవాళ్లు పట్టుకున్నదీ ఆ పద్ధతే.

సీసా నింపడం చూసినంత సులువు కాదు. కవరుకు మసాలా అంటుకుని ఉంటే చీమలు పడతాయి. తడి ఉంటే లోపల కుళ్లు వాసన. అందుకని ఎనిమిదో తరగతి పిల్లలు కవర్లు కడిగి, బడి డాబా మీద వడియాలు ఎండబెట్టినట్టు పరిచేవాళ్లు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా వేస్తూ కర్రతో దంచాలి. లీటరు సీసా కనీసం 330 గ్రాములు తూగాలని ఎకోబ్రిక్‌లు, అంటే ఇలా ప్లాస్టిక్ కూరిన సీసాలు, చేసేవాళ్ల లెక్క. బడిలో త్రాసు లేదు, కిరాణా కొట్టుకు పోయి తూచుకొచ్చారు.

మేస్త్రికి మొదట్లో ఇదంతా పిల్లలాట. "ఇటుకలైతే రెండు రోజుల్ల లేపుత గద సార్, ఈ కవర్లేంది?" అని ఒకటే గొణుగుడు. నాలుగు వరసలు లేచాక ఆయనే పట్టింపు మనిషయ్యాడు. ప్రతి సీసానూ బొటనవేలితో నొక్కి, మెత్తగా తగిలితే వెనక్కి విసిరేవాడు. ఎవరి సీసా పాసవుతుందోనని పిల్లలకు టెన్షన్.

గది మొత్తం సీసాల మీదే నిలబడిందని కొందరు చెప్పుకుంటున్నారు గానీ, అది ఒట్టిమాట. బరువు మోసేది పిల్లర్లు, బీములు. సీసాలు ఇటుకల జాగాలో కూర్చున్నాయి, అంతే. ఎండ తగిలితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కాబట్టి ఎక్కడా బయటపడకుండా గిలాబు చేయించాం. ఖర్చు కూడా మరీ తగ్గిందని చెప్పను. సలాకలు, సిమెంటు, కూలీ ఎక్కడికి పోతాయి? మిగిలింది ఇటుకల డబ్బు. అదిగాక, ప్రహరీ అవతల చెత్త తగలబెట్టే పొగ ఇప్పుడు క్లాసుల్లోకి రావడం లేదు. నా లెక్కలో అసలు లాభం అదే.

మధ్యాహ్న భోజనం వంటగదికి కూడా ఈ గోడే పెడదామని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. లోపలున్నది కాలే సరుకు, పొయ్యి పక్కన ఎందుకు? సైకిల్ స్టాండు దగ్గర అరుగు కట్టుకుందాం. సమ్మేళనానికి వచ్చేవాళ్లు లీటరు సీసాలే తెండి, అరలీటరువి సైజు కలవడం లేదు. మూతలు పారేయకండి. కవర్లు కడిగి తెస్తే పిల్లలకు ఒక పని తప్పుతుంది.